హెపటైటిస్ సి, డిప్రెషన్: రెండింటికీ ఒకేసారి వైద్యం – నా అనుభవం

హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో డిప్రెషన్ మామూలు జనంలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ మాట నాకు లివర్ డాక్టరు తనంతట తాను చెప్పలేదు, నేను అడిగితే చెప్పారు. హైదరాబాద్‌లో 2024 జనవరి నుంచి 2025 వేసవి దాకా ఈ రెండు జబ్బులకూ వైద్యం చేయించుకున్నాను. ఎక్కడ ఏం జరుగుతుందో, దేనికి ఎంత ఆగాలో, ఎక్కడ డబ్బు పోతుందో, ఏం అడగాలో వరుసగా రాస్తున్నాను. ముందు వైరస్ పోనీ, మనసు సంగతి తర్వాత చూద్దాం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా ఆగాల్సిన పని లేదన్నదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

జబ్బు బయటపడింది గర్భసంచి ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షల్లో. హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి పరీక్ష) నెగటివ్, యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్‌ మీద శరీరం తయారుచేసుకునే యాంటీబాడీ) రియాక్టివ్ అని వచ్చింది. మొదటి కాన్పు 1997లో, అప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ రోజుల్లో దాతల రక్తానికి హెచ్‌సీవీ పరీక్ష చేయడం మన దేశంలో తప్పనిసరి కాదు. నాకు వచ్చిన దారి అదే అయ్యుంటుందని డాక్టర్లు అన్నారు. నర్సింగ్ హోమ్ కౌంటర్ దగ్గర ఆ రిపోర్టును పదిమంది ముందు బిగ్గరగా చదివారు. ఆపరేషన్ ఆపేశారు. సోఫాలో నా పక్కన కూర్చున్నావిడ లేచి అవతలికి వెళ్లిపోయింది. వైరస్ మనసు మీద చేసే పని ఎంతో నాకు తెలియదు కానీ, ఆ పది నిమిషాలు చేసిన పని మాత్రం నెలల తరబడి పోలేదు.

రియాక్టివ్ అని వస్తే జబ్బు ఉన్నట్టు తేలిపోదు. ఒకప్పుడు వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే దాని అర్థం. కొందరిలో మందు లేకుండానే అది పోతుంది, అయినా యాంటీబాడీ మిగిలే ఉంటుంది. వైరస్ ఇప్పుడు ఉందో లేదో చెప్పేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, వైరల్ లోడ్ అంటారు. కంగారులో ప్రైవేటు ల్యాబ్‌లో చేయించాను, నాలుగు వేల పైచిలుకు అయింది, రిపోర్టుకు ఇంచుమించు వారం పట్టింది. ఇదే పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు రెండూ ఉచితమే. ఆ సంగతి అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆగగలిగితే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఆగలేకపోయినా ఫరవాలేదు, మనశ్శాంతికి కూడా వెల ఉంటుంది.

రిపోర్టు కోసం ఆగిన ఆ వారంలో ఇంట్లోవాళ్ల భయాలు తీర్చాల్సి వచ్చింది. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, కౌగిలించుకున్నా ఈ వైరస్ రాదు. రక్తం నుంచి రక్తానికే పాకుతుంది. కాబట్టి టూత్ బ్రష్, బ్లేడు, గోళ్ల కత్తెర, చెవిపోగులు ఎవరివి వాళ్లకే ఉండాలి, తెగిన చోట ప్లాస్టర్ వేసుకోవాలి. నాకు విడిగా కంచం పెట్టిన అత్తయ్యకు డాక్టరు గారితోనే చెప్పించాను. ఇంటి మనిషి చెబితే వినని మాట తెల్లకోటు చెబితే వింటారు. మావారికీ, పిల్లలిద్దరికీ పరీక్ష చేయించాం. రెండో వాడు ఆ రక్తం ఎక్కించాక పుట్టినవాడు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం వందలో అయిదారు మాత్రమే అన్నా, వాడి రిపోర్టు వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. అందరికీ నెగటివ్ వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి గ్యాస్ట్రో ఓపీకి వెళ్లాను. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి, ఏడున్నరకల్లా చీటీ లైన్లో ఉంటే పదిన్నర, పదకొండుకు డాక్టరు దగ్గరకు చేరేదాన్ని. ఆధార్, పాత రిపోర్టుల జెరాక్సులు రెండేసి సెట్లు పెట్టుకోండి, ఒకటి వాళ్ల ఫైల్లోకి పోతుంది. తినడానికి ఏదైనా తెచ్చుకోండి. స్కాన్ ఉన్న రోజు మాత్రం పరగడుపున వెళ్లాలి. మొదటి రోజు రక్తం తీసి సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ ఫంక్షన్, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలకు పంపారు, పొట్ట స్కాన్‌కు వేరే రోజు ఇచ్చారు. హెచ్‌బీఎస్‌ఏజీ మళ్లీ చేశారు. ఎందుకని అడిగితే, హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు సి మందులు ఇస్తే అణిగి ఉన్న బి పైకి లేస్తుందని, అది తేల్చుకోకుండా మందు మొదలుపెట్టరని చెప్పారు.

లివర్ ఎంత గట్టిపడిందో తెలియడానికి ముందు లెక్క వేస్తారు, సూది గుచ్చి ముక్క తీయరు. నా ముందే కాగితం మీద వేశారు. వయసును ఎస్‌జీఓటీతో హెచ్చించి, దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగిస్తారు, ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుంటారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు. దీన్ని ఫిబ్-4 అంటారు. నాకు 48 ఏళ్లు, ఎస్‌జీఓటీ 62, ఎస్‌జీపీటీ 78, ప్లేట్‌లెట్లు రెండు లక్షల పదివేలు, అంటే 210. లెక్క 1.6 తేలింది. 3.25 దాటితే సిరోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం, అనుమానించాలి. తర్వాత ఫైబ్రోస్కాన్‌లో 7.8 కిలోపాస్కల్స్ వచ్చింది, సిరోసిస్ లేదన్నారు. ఫైబ్రోస్కాన్ నొప్పి ఉండదు, పక్కటెముకల మధ్య చిన్న తట్టు తట్టినట్టు ఉంటుంది, పది నిమిషాల పని. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, లేకపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది.

ఇక మనసు సంగతి.

అప్పటికి రెండేళ్లుగా నాకు నీరసం. స్కూల్లో అకౌంట్స్ పని నాది. ఫీజుల లెక్క ఒక్కసారి కూడితే సరిపోయేది, ఆ రెండేళ్లలో ఒకే కాలమ్‌ను మళ్లీ మళ్లీ కూడుకునేదాన్ని. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఆ తర్వాత నిద్ర పట్టదు. బంధువుల పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. "ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అని అత్తయ్య రోజూ అడిగేది. ముట్లు ఆగే వయసని ఒకరు, థైరాయిడ్ అని ఒకరు అన్నారు. రెండూ ఊహలే, పరీక్ష ఎవరూ రాయలేదు.

గ్యాస్ట్రో ఓపీలో ఒక్కో మనిషికి దొరికేది మూడు నాలుగు నిమిషాలు. అందులో ఈ కథంతా చెప్పలేం. ఇంటి దగ్గరే ఒక చీటీ రాసుకుని వెళ్లాను: నిద్ర ఎన్ని గంటలు, ఏ పని చేయలేకపోతున్నాను, ఎన్నాళ్లుగా, చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా. చివరి ప్రశ్నకు కూడా ఉన్నదున్నట్టు రాశాను. ఆ చీటీ డాక్టరు చేతికిచ్చాను. ఆయన చదివి, "ఇది వైరస్ వల్ల కూడా ఉండొచ్చమ్మా, ఈ జబ్బులో తరచుగా చూస్తాం" అని అప్పుడన్నారు. ఎవరైనా ఇదే పద్ధతి పాటించమంటాను, నోటితో చెబితే గొంతు పూడుకుపోతుంది, టైమూ అయిపోతుంది.

సైకియాట్రీకి పంపేముందు ఆయన రెండు చిన్న పరీక్షలు చేశారు. చేతులు ముందుకు చాచి, మణికట్టు పైకి వంచి, వేళ్లు విడదీసి పట్టుకోమన్నారు. చేతులు రెక్కల్లా కొట్టుకుంటున్నాయా అని చూశారు. తర్వాత ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవో చెప్పమన్నారు. ఆవు, గేదె, మేక దగ్గర మొదలుపెట్టి గడియారం చూస్తూ చెప్పాను. సిరోసిస్ ముదిరినవాళ్లలో లివర్ శుభ్రం చేయలేని విషాలు మెదడుకెక్కి మతిమరుపు, మందకొడితనం, పగలు నిద్ర రాత్రి మెలకువ వస్తాయి. చూడ్డానికి అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది, మందు మాత్రం పూర్తిగా వేరు. ఆ రెండూ కలగాపులగం కాకూడదనే ఈ పరీక్షలు. సిరోసిస్ ఉన్నవాళ్లకు కొత్తగా మతిమరుపు మొదలైతే దిగులులే అని వదిలేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీరసానికి వేరే కారణాలున్నాయేమోనని టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12 కూడా రాశారు. ఒక్క బి12 తక్కువగా ఉంది, దానికి వేరే మందిచ్చారు.

సైకియాట్రీ అనగానే మా ఇంట్లో అందరి నోటా వచ్చిన మాట ఒకటే: "ఎర్రగడ్డనా?" ఈ ఊర్లో పెరిగినవాళ్లకు ఆ పేరుతో ఉన్న భయం వేరే చెప్పక్కర్లేదు. నిజానికి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో కూడా రోజూ ఓపీ ఉంటుంది, చూపించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్లే ఎక్కువ. నేను వెళ్లింది మాత్రం గ్యాస్ట్రో చూపించుకున్న ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉన్న సైకియాట్రీ విభాగానికి. గ్యాస్ట్రో వాళ్లు రాసిచ్చిన రెఫరల్ చీటీ ఉంటే కొత్త టికెట్ అక్కర్లేదు. అపాయింట్‌మెంట్‌కు రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. ఆ రెండు వారాలు గడవడం కష్టమైంది. రాత్రిపూట 14416కు ఫోన్ చేశాను, టెలీ మానస్ అంటారు, ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అవతలి అమ్మాయి తొందరపడకుండా విన్నది. ఇంట్లో మాత్రలు ఎక్కడున్నాయో అడిగి, అవి మావారి చేతికి ఇప్పించింది.

సైకియాట్రిస్ట్ మేడం తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు, పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల్లో ఏ ఇబ్బంది ఎంత తరచుగా ఉందో సున్నా నుంచి మూడు దాకా గుర్తు పెట్టాలి. మొత్తం 27. పది దాటితే వైద్యం ఆలోచిస్తారు, ఇరవై దాటితే తీవ్రం. నాకు 17 వచ్చింది. ఇక్కడ ఒక చిక్కుంది. నీరసం, నిద్ర, ఆకలి, ఏకాగ్రత అనే నాలుగు ప్రశ్నలకూ లివర్ జబ్బు ఒక్కటే మార్కులు పెంచేయగలదు. అందుకని మేడం ఆ నాలుగింటినీ పక్కనబెట్టి మిగతావి తవ్వి తవ్వి అడిగారు: ఏ పనీ ఆనందం ఇవ్వడం లేదా, నువ్వు పనికిరానిదానివని అనిపిస్తోందా, బతకడం ఎందుకు అనిపిస్తోందా, అనిపిస్తే ఎలా చేద్దామనుకున్నావు. చివరి ప్రశ్న సూటిగా అడిగారు. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందేమోనని ఇంట్లోవాళ్లు భయపడతారు. నా విషయంలో బరువు దిగింది.

ఎందుకిలా అవుతుందని అడిగాను. ఏళ్ల తరబడి ఒంట్లో వైరస్ ఉంటే దానితో పోరాడే క్రమంలో శరీరం విడుదల చేసే రసాయనాలు మెదడు మీదా పనిచేస్తాయి, మనసు నిలకడకు కావలసిన సెరోటోనిన్ తయారీని దెబ్బతీస్తాయి అని చెప్పారు. వైరస్ ఆనవాళ్లు మెదడులో కూడా కనిపించాయట. దానికి తోడు భయం, అవమానం, ఖర్చు. "ఎంత వాటా దేనిదో విడదీయలేం అమ్మా, విడదీయక్కర్లేదు కూడా. వైద్యం అన్నింటికీ పనిచేస్తుంది" అన్నారు.

మార్చిలో రెండు వైద్యాలూ ఒకే వారంలో మొదలయ్యాయి. వైరస్‌కు సోఫోస్‌బువిర్ 400 మిల్లీగ్రాములది ఒకటి, డక్లాటస్‌విర్ 60 మిల్లీగ్రాములది ఒకటి, రోజూ ఒకే వేళకు, 12 వారాలు. సీసాకు 28 మాత్రలు, నెలకోసారి వెళ్లి తెచ్చుకోవాలి. ఖాళీ సీసాలు తిరిగి తెమ్మన్నారు. సిరోసిస్ ఉంటే డక్లాటస్‌విర్ బదులు వెల్పటస్‌విర్ ఇస్తారు, వాళ్లు గ్యాస్ మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి, కడుపులో ఆమ్లం తగ్గితే వెల్పటస్‌విర్ సరిగా ఒంటికి పట్టదు. అమెరికాలో ఈ సోఫోస్‌బువిర్ వచ్చిన కొత్తలో ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. 2015లో మన దగ్గర జెనరిక్ తెచ్చినవాటిలో నాట్కో, హెటిరో రెండూ హైదరాబాద్ కంపెనీలే. సీసా చేతిలో పట్టుకున్నప్పుడు ఆ సంగతి నాకు కొండంత ధైర్యమిచ్చింది.

మనసుకు ఎస్సిటలోప్రామ్. మొదటి వారం 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు 10 దాటించరు. మొదలుపెట్టేముందు ఈసీజీ తీశారు. వైరస్ మందులతో దీనికి గొడవ లేదని ఇద్దరు డాక్టర్లూ చూసి చెప్పారు. ఇలాంటివి మనం ఊహించుకోకూడదు, ఎందుకంటే ఫిట్స్‌కూ కొన్నిసార్లు మూడ్‌కూ ఇచ్చే కార్బమాజెపిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్, గుండెకు ఇచ్చే అమియోడరోన్ ఈ వైరస్ మందులతో కలవకూడదు. డిప్రెషన్‌కు వాడే డులోక్సెటిన్ కూడా లివర్ జబ్బులో ఇవ్వరు. వేసుకునే ప్రతి మాత్ర పేరూ, ఆకు మందులతో సహా, ఒకే కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించండి. నిద్రమాత్ర అడిగాను, ఇవ్వలేదు. అలవాటు పడిపోతామని, లివర్ దెబ్బతిన్నవాళ్లలో మత్తు దిగదని చెప్పారు. మా ఆడపడుచు ప్రేమతో తిప్పతీగ కషాయం, అశ్వగంధ పొడి తెచ్చిపెట్టింది. రెండింటివల్లా లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. దండం పెట్టి పక్కన పెట్టేశాను. జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, రోజుకు రెండు గ్రాములు దాటొద్దన్నారు.

బంధువుల్లో ఒకాయన, "ఆ ఇంజక్షన్లు మనిషిని పిచ్చివాణ్ణి చేస్తాయి" అని ఫోన్ చేసి మరీ చెప్పారు. ఆయన చెప్పింది ఇంటర్‌ఫెరాన్ సంగతి. పాతరోజుల్లో ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆ సూదులు వేసేవాళ్లు, అవి నిజంగానే చాలామందిని తీవ్రమైన డిప్రెషన్‌లోకి నెట్టేవి. అప్పట్లో డిప్రెషన్ ఉన్నవాళ్లకు హెపటైటిస్ వైద్యమే నిరాకరించేవాళ్లు. ఇప్పటి మాత్రలకు ఆ గుణం లేదు. డిప్రెషన్ ఉందని చెబితే మందు ఇవ్వరేమోనని దాచుకునే పని ఇప్పుడు లేదు. సిరోసిస్ ముదిరినవాళ్లకు రైబావిరిన్ అనే ఇంకో వైరస్ మందు కలిపితే మాత్రం రక్తం తగ్గి నీరసం, చిరాకు రావచ్చు, ముందే చెప్పించుకోండి.

మొదటి పది రోజులు కష్టం. ఎస్సిటలోప్రామ్ వల్ల వికారం, గుండెదడ, లోపల ఏదో పరుగెత్తుతున్నట్టు. వైరస్ మాత్రల వల్ల తలనొప్పి. మానేద్దామని గట్టిగా అనిపించే రోజులివే, మందు పని ఇంకా మొదలవ్వదు, ఇబ్బంది మాత్రం ముందే వస్తుంది. టిఫిన్ తిన్నాక వేసుకుంటే వికారం తగ్గింది. ఎప్పుడైనా మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే అదే రోజు వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి మింగకూడదు. మేడం మొదట్లో రెండు వారాలకు సరిపడా మాత్రలే ఇచ్చారు, అవీ మావారి దగ్గరే ఉండాలన్నారు. నా భద్రత కోసమే అని ముఖం మీదే చెప్పారు, అందుకే చిన్నతనం అనిపించలేదు.

నాలుగో వారంలో నిద్ర కుదురుకుంది. ఆరో వారానికి పీహెచ్‌క్యూ మార్కులు 17 నుంచి 9కి దిగాయి. నాలుగు వారాల దగ్గర చేసిన లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ మామూలుకు దిగింది. ఏది ఏ మందు వల్ల వచ్చిన మార్పో ఎవరూ చెప్పలేరు. నీరసం మాత్రం అన్నింటికన్నా ఆలస్యంగా వదిలింది, వైరస్ కోర్సు అయిపోయిన చాలా నెలలకు. కౌన్సెలింగ్‌లో చెప్పినది చిన్న విషయం: మనసు బాగయ్యాక చేద్దామని ఆగకుండా, రోజుకొక పని టైము పెట్టుకుని చెయ్యడం. నేను సాయంత్రం ఆరింటికి పాల ప్యాకెట్‌కు నడిచి వెళ్లడం పెట్టుకున్నాను. ఇష్టం లేని రోజుల్లో కూడా వెళ్లాను.

జూన్ మొదట్లో వైరస్ మాత్రలు అయిపోయాయి. అసలు ఫలితం అప్పుడే తెలియదు, ఇంకో 12 వారాలు ఆగి ఆర్‌ఎన్‌ఏ చేయాలి, అప్పుడు వైరస్ కనబడకపోతేనే నయమైనట్టు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. అయినా ఆ మూడు నెలలు, వైరస్ మందూ లేదు, ఫలితమూ లేదు, ఖాళీగా ఉండటంతో భయం మళ్లీ పెరిగింది. మేడంకు ముందే తెలుసు కాబట్టి ఆ నెలల్లో కౌన్సెలింగ్ తేదీలు దగ్గర దగ్గరగా ఇచ్చారు. మీరూ అలా అడగండి. సెప్టెంబరులో 'నాట్ డిటెక్టెడ్' వచ్చింది.

ఆ కాగితాన్ని ఫోన్లో, ఫైల్లో, మావారి పర్సులో పెట్టాను. ఎందుకంటే యాంటీబాడీ జన్మంతా పాజిటివ్‌గానే ఉంటుంది. నవంబరులో ఆగిపోయిన ఆపరేషన్‌కు వేరే ఆసుపత్రిలో చేరితే మళ్లీ 'రియాక్టివ్' అని అదే గాభరా. ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు చూపించాక సద్దుమణిగింది. ఈ సంగతి ముందే తెలియకపోతే జబ్బు తిరగబెట్టిందని గుండె జారిపోతుంది. రక్తదానం మాత్రం ఇక చేయకూడదు. నయమైనా మళ్లీ సోకే వీలుంది, కాబట్టి సూదులు, బ్లేడ్ల జాగ్రత్త తప్పదు. సిరోసిస్ ఉన్నవాళ్లు వైరస్ పోయాక కూడా ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోవాలి.

వైరస్ పోయిందని మనసు మందు మానేయలేదు. బాగైన తర్వాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలని, లేకపోతే తిరగబెడుతుందని చెప్పారు. కొన్నాళ్లు ఆసుపత్రిలో స్టాకు లేక బయట కొనాల్సి వచ్చింది. జనౌషధిలో అదే మందు బ్రాండ్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. 2025 వేసవిలో 10 నుంచి 5కు, తర్వాత రోజు విడిచి రోజుకు తగ్గించి ఆపారు. తగ్గించేటప్పుడు తల తిప్పినప్పుడల్లా కరెంటు షాకు కొట్టినట్టు ఒక క్షణం అనిపించేది. ఒక్కసారిగా ఆపితే ఇది ఇంకా ఎక్కువట, వారం పది రోజుల్లో పోయింది. ఇప్పుడు మూడు నెలలకోసారి పీహెచ్‌క్యూ కాగితం ఇంట్లో నేనే నింపి ఫైల్లో పెడుతున్నాను. పది దాటినా, తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏది వచ్చినా, అపాయింట్‌మెంట్ లేకుండానే నేరుగా రమ్మన్నారు.